ఒంటి చెప్పుల అర

రోజు 11,402

రెండో లెవెల్ ఫలితాలు వచ్చాయి. మొత్తం అరవై ఎనిమిది మంది. డి విటమిన్ తొమ్మిది మందికి తక్కువ. వాళ్లకు దీపాల గదిలో రోజుకు పావుగంట పెంచి చీటీలు రాశాను. ఇనుము ఆరుగురికి తక్కువ, ఆరుగురూ ఆడవాళ్లే. బి-12 తక్కువ ఉన్నవాళ్లు ఒక్కరూ లేరు. పై నేల వదిలి మేం బతుకుతున్న ఈ పాత బొగ్గు గని, ఏడో బాయిలో ఇలా రావడం వరసగా ఇది ఇరవై ఆరో నెల.

బి-12 అందరికంటే ఎక్కువ బానక్కకు వచ్చింది: 910. రెండు వందలు దాటితే చాలు. నిచ్చెన ఎక్కే మనిషి కాబట్టి వంటశాలలో నాచు ముద్ద మొదటి గరిటె ఆమెకే, అదీ రెండింతలు. నాచు లేని రోజుల్లో, ఆమెకు ముందు ఆ పని చేసినాయనకూ గంజి అలాగే పోసేవారు.

నా తర్వాత ఈ గదిలో కూర్చునేవాళ్ల కోసం పద్ధతి మళ్లీ రాస్తున్నాను. నెత్తురు పరీక్ష యంత్రం పాడై ఎనిమిదేళ్లయింది. మూలన ఉంది, రోజూ తుడుస్తాను. ఇప్పుడు మాకు క్రిములే యంత్రం. బి-12 లేకపోతే పెరగని ఒక రకం క్రిములను పెంచుతాం. నెత్తురు నుంచి వేరుచేసిన నీటిని గాజు గొట్టంలో పోసి, క్రిములను వదిలి, మూడు రోజులు వెచ్చగా ఉంచుతాం. గొట్టం ఎంత చిక్కబడితే నెత్తురులో బి-12 అంత ఎక్కువ. లక్ష్మీరాజం సార్ నాకు నేర్పిన పద్ధతి ఇది. ఆయన పోయి ఆరేళ్లయింది.

గది మూడు దారులు కలిసేచోట ఉంది. దారిలో ఎవరికి ఏం దొరికినా తెచ్చి నా గుమ్మం పక్క అరలో పెడతారు. ఈ రోజు అరలో ఏడు చెప్పులున్నాయి. ఏడూ ఒంటివే. నెలకు రెండు మించి రావడం మామూలుగా ఉండదు. ఫ్యాన్ నడిపే ఓదెలు చూసి, సూదక్క నెత్తురు అమ్ముడు బంద్ చేసి చెప్పుల దుకాణం పెట్టిందని అందరికీ చెప్పి వచ్చాడు.

నా అసలు పేరు గోలి సుభద్ర. ఆ పేరుతో పిలిచేవాళ్లు ఇప్పుడు లేరు.


రోజు 11,409

పైన 53 డిగ్రీలు. దుమ్ము ఎక్కువ. గాలి లోపలికి వచ్చే చోటి తీగ జాలి మూడు రోజులకోసారి తుడవకపోతే మూసుకుపోతుంది. దాన్ని తుడిచేది బానక్క. గాలి గొట్టంలో నూట ఎనభై మెట్ల ఇనుప నిచ్చెన ఉంది. ఆమె ఎక్కేటప్పుడు ఓదెలు ఫ్యాన్ ఆపుతాడు. అరగంటలో పని అవుతుంది. మళ్లీ నడిపేముందు నిచ్చెన అడుగున సుత్తితో రెండు దెబ్బలు కొడతాడు. నిచ్చెన మీద ఉన్న పాదానికి ఆ దెబ్బ తెలుస్తుంది. ఆమె పక్క అరుగు మీదికి తప్పుకుని తిరిగి రెండు దెబ్బలు కొట్టాలి. ఆ తిరుగు దెబ్బ వస్తేనే ఫ్యాన్ తిరుగుతుంది.

ఇక్కడ అన్ని కబుర్లూ ఇలాగే నడుస్తాయి. ఫ్యాన్ హోరులో గంట వినబడదు. బొగ్గు టబ్బులు నడిచిన పాత పట్టాలు అన్ని లెవెళ్లలో ఇంకా ఉన్నాయి. షిఫ్టు మారేటప్పుడు పట్టా మీద మూడు దెబ్బలు కొడతారు. చెప్పు విడిచి పాదం పట్టా మీద ఆనిస్తే తెలుస్తుంది. ఇక్కడి పిల్లలు నడక రాగానే నేర్చుకునేది అదే.

ఈ రోజు తిరుగు దెబ్బ రాలేదు. ఓదెలు నాలుగుసార్లు కొట్టాడు. ఫ్యాన్ మామూలు అరగంట మీద ఇంకో నలభై నిమిషాలు ఆగిపోయింది. నాలుగో లెవెల్లో పదకొండు మందికి తలనొప్పి, ఇద్దరికి వాంతులు. చివరికి ఓదెలే యాభై ఎనిమిదేళ్ల వయసులో నూట ఎనభై మెట్లూ ఎక్కాడు. బానక్క ఫ్యాన్ రెక్కల మధ్య కూర్చుని జాలి తుడుస్తోందట. అతన్ని చూసి అడిగిన మొదటి మాట, "కొట్టినవా బావా?"

కమిటీ పెద్ద దుర్గం రాయలింగు ఆమెను పిలిచి మాట్లాడాడు. పైన కునుకు తీసిందని కొందరు అన్నారు. ఆమె కాదనలేదు.

అదే సమావేశంలో ఇంకో నిర్ణయం జరిగింది. 11,440వ రోజున సరుకు మార్చుకునే పై బండ్లు వస్తాయి. ఫ్యాన్‌కు రెండు బేరింగులు కావాలి. వాటికి బదులు మా దగ్గర ఉన్న బి-12 సూది మందు 240 బుడ్లలో, ఇంకా సూది వేసుకుంటున్న కొద్దిమందికి కొన్ని ఉంచి, మిగతావన్నీ ఇచ్చేయాలని. ఇంకెవరికీ అవసరం లేని మందు ఊరికే ఎందుకు దాచడమని రాయలింగు అడిగాడు. నన్ను చూశాడు. నేను తల ఊపాను.


రోజు 11,411

షిఫ్టు మొదట్లో బానక్క వచ్చింది. అరలో చెప్పు వెతుక్కోవడానికి వచ్చానంది. దొరికింది. వెళ్లబోతూ ముఖం కడుక్కుంటానని తొట్టి దగ్గరికి వెళ్లింది. నీళ్లు చల్లుకుని కళ్లు మూసుకోగానే ముందుకు తూలింది. తొట్టి అంచు పట్టుకోకపోతే నుదురు పగిలేది.

కూర్చోబెట్టి అడిగాను. మొదట ఏం లేదంది. ఆమెకు నలభై ఆరేళ్లు. పదిహేనేళ్లుగా నిచ్చెన ఎక్కుతోంది. వాళ్ల నాన్న పైన బతికిన రోజుల్లో తాటిచెట్లు ఎక్కేవాడట. ఎక్కడం తప్ప తనకు ఇంకేం రాదని ఆమే చెప్పుకుంటుంది, గొప్పగానే.

కొంచెంసేపటికి తనే చెప్పింది.

"కండ్లు మూస్తే కాళ్లు ఏడున్నయో ఎరుకైతలేదు సూదక్కా. చూసుకుంట పెడ్తే మంచిగనే పడ్తున్నయి. అందుకే దీపం కాళ్ల మీదికే ఏసుకుంట ఎక్కుతున్న."

"ఎప్పటినుంచి?"

"పోయిన ఎండాకాలం నుంచి. ముందుగాల కాళ్ల వేళ్లు తిమ్మిరెక్కేటియి. ఇప్పుడు మెత్తటి గుడ్డ మీద నడిచినట్టున్నది."

ఓదెలు కొట్టిన దెబ్బ తెలియలేదా అని అడిగాను. తెలియలేదంది. నిద్రపోయాననుకుంటేనే నయమని ఊరుకుందట.

"రాయలింగన్నకు చెప్పకు. చెప్తే నిచ్చెన బంద్ చేస్తడు."

నెత్తురు చుక్క గాజు పలక మీద పరచి సూక్ష్మదర్శినిలో చూశాను. ఎర్ర కణాల పరిమాణం మామూలుగా ఉంది. రక్తహీనత లేదు. సూదితో గుచ్చితే నొప్పి తెలుస్తోంది. వేడి, చలి తెలుస్తున్నాయి. అదురు మాత్రం తెలియడం లేదు.

ఇలాంటి కాళ్లు ఇదివరకు చూశాను. మేకలు జబ్బుతో చచ్చిపోయిన ఏడాది, పాలు ఆగిపోయాక, నలుగురు ముసలివాళ్లకు ఇలాగే అయింది. బి-12 సూదులతో తగ్గింది. కానీ అప్పుడు వాళ్ల సంఖ్యలు వంద లోపు ఉండేవి. బానక్క సంఖ్య 910.

అర్థం కాలేదు. అర్థం కాలేదనే రాస్తున్నాను.


రోజు 11,412

బానక్క నిచ్చెన ఎక్కకూడదని చీటీ రాసి రాయలింగుకు ఇచ్చాను. కారణం దగ్గర "పాదాలకు స్పర్శ తగ్గింది" అని రాశాను. చెప్పకుండా ఉంటే తర్వాతిసారి ఎవరో ఒకరు తొందరపడి ఫ్యాన్ తిప్పవచ్చు.

ఓదెలు ఇకనుంచి తనే ఎక్కుతానన్నాడు. మోకాళ్లకు గుడ్డ చుట్టుకుని తిరుగుతున్నాడు.

వంటశాలలో బానక్కకు ఇవాళ మొదటి గరిటె వేయలేదు. వరసలో నిలబడమన్నారు. ఆమె వరసలో నిలబడి, తన వంతు తీసుకుని, నా పక్కనుంచే వెళ్లింది. మాట్లాడలేదు.


రోజు 11,415

అరలో చెప్పులు పద్నాలుగయ్యాయి. పట్టీలు వదులయ్యాయని అందరూ అంటున్నారు. ఒక్కొక్కటి తీసి చూశాను. చెప్పులు పాత కన్వేయర్ బెల్టు రబ్బరుతో కోసినవి, పట్టీలు ట్యూబువి. పద్నాలుగింటిలో పన్నెండు పట్టీలు గట్టిగానే ఉన్నాయి. పట్టీ గట్టిగా ఉన్న చెప్పు నడుస్తుండగా జారిపోతే మనిషికి తెలియాలి. తెలిస్తే వంగి తొడుక్కుంటారు. వీళ్లు ఒంటి చెప్పుతో ఇంటిదాకా వెళ్లారు.

చెప్పులు ఎవరివో కనుక్కుని పేర్లు రాశాను. ఇద్దరివి రెండేసిసార్లు వచ్చాయి కాబట్టి మనుషులు పన్నెండు మంది. తర్వాత పాత పుస్తకాలు తీశాను.

మేకలు పోయాక మొదట్లో అందరికీ నెలకో సూది వేసేవాళ్లం. అదే సమయంలో నాచు కుండీలు పెట్టాం. సంఖ్యలు పెరిగాయి. 9,914వ రోజున సంఖ్య బాగా ఎక్కువ ఉన్న ఇరవై రెండు మందికి సూదులు ఆపాం. 10,610వ రోజున మిగతా అందరికీ ఆపాం. నలుగురికి తప్ప. ఆ నలుగురికి నాచు తింటే వాంతి అవుతుంది. వాళ్లు జొన్న గంజి, మొలకల మీద బతుకుతున్నారు, వాళ్లకు సూదులు ఇప్పటికీ వేస్తున్నాను.

చెప్పు పోగొట్టుకున్న పన్నెండు మందిలో తొమ్మిది మంది మొదట ఆపిన ఇరవై రెండు మందిలోనివాళ్లే. ఆ ఇరవై రెండు పేర్లలో మొదటిది బానక్కది. అందరికంటే మంచి సంఖ్య ఉన్నవాళ్లు అందరికంటే ఎక్కువకాలం మందు లేకుండా ఉన్నారు.

రెండు జాబితాల కిందా సంతకం నాదే.


రోజు 11,418

లక్ష్మీరాజం సార్ నోటు పుస్తకం మొత్తం చదివాను. క్రిముల పద్ధతిని ఆయన ఎలా సరిచూశారో ఒక పేజీలో ఉంది. యంత్రం ఇంకా పనిచేస్తున్న చివరి నెలలో ముప్పై మంది నెత్తురును రెండు విధాలా పరీక్షించి పోల్చారు. రెండు సంఖ్యలూ దగ్గర దగ్గరగా వచ్చాయి. ఆ ముప్పై మంది అప్పుడు మేక పాలు తాగేవాళ్లు. నాచు అప్పటికి ఎవరూ తినలేదు.

తిండి మారాక పద్ధతిని మళ్లీ సరిచూడాలని నాకు తోచలేదు. సరిచూడటానికి యంత్రమూ లేదు. కానీ తోచలేదన్నదే అసలు సంగతి.

వంటశాల నుంచి గుప్పెడు నాచు తెచ్చాను. మరిగించి, వడకట్టి, నెత్తురు బదులు ఆ నీటినే నాలుగు గొట్టాల్లో పోసి క్రిములను వదిలాను. పక్కన రెండు గొట్టాల్లో ఉత్త నీళ్లు. మూడు రోజులు ఆగాలి.


రోజు 11,421

ఉత్త నీళ్ల గొట్టాలు తేటగా ఉన్నాయి. నాచు నీళ్ల గొట్టాలు నాలుగూ గంజిలా చిక్కబడ్డాయి. ఏ మనిషి నెత్తురుతోనూ అంత చిక్కదనం నేనెప్పుడూ చూడలేదు.

రెండు విధాలుగా అర్థం చేసుకోవచ్చు. ఒకటి, నాచులో బి-12 పుష్కలంగా ఉంది. ఇన్నాళ్లూ మేం అనుకున్నది అదే. రెండు, నాచులో బి-12ను పోలినదేదో ఉంది. క్రిములకు అది సరిపోతుంది, మనుషులకు సరిపోదు. అది నెత్తురులోకి వెళ్తుంది, క్రిములు దాన్ని చూసి పెరుగుతాయి, నేను మంచి సంఖ్య రాస్తాను. నరాలకు మాత్రం ఏమీ అందదు.

మొదటిదే నిజమైతే బానక్క కాళ్లు బాగుండాలి.

ఎర్ర కణాలు మామూలుగా ఎందుకున్నాయన్నది కూడా ఆలోచించాను. ఆకుకూరల్లో ఉండే ఫోలిక్ ఆమ్లం ఎక్కువైతే బి-12 లేకపోయినా నెత్తురు బాగానే కనిపిస్తుందని సార్ పాఠం చెప్పేటప్పుడు అన్నారు. మా మొలకల్లో, నాచులో అది దండిగా ఉంది. కాబట్టి నెత్తురు ఎటు చూసినా అంతా బాగుందనే చెబుతుంది. కాళ్లను అడగాలి.

షిఫ్టు మారేవేళ ఓదెలును పిలిచాను. నేను పట్టా మీద నిలబడతాను, వంద మీటర్ల దూరం నుంచి మెల్లగా పది దెబ్బలు కొట్టు, మధ్యలో నీ ఇష్టం వచ్చినంత ఆగు అన్నాను. కళ్లకు గుడ్డ కట్టుకున్నాను. తెలిసిన ప్రతిసారీ సున్నపు ముక్కతో గోడ మీద గీత గీశాను.

గుడ్డ విప్పి చూస్తే ఆరు గీతలున్నాయి.


రోజు 11,424

కమిటీ ముందు అంతా చెప్పాను. చెప్పుల జాబితా, సూదులు ఆపిన తేదీలు, నాచు గొట్టాలు. గొట్టాలు పట్టుకెళ్లి చూపించాను. ఇది పూర్తి రుజువు కాదనీ, కానీ బుడ్లు బండ్లకు ఇవ్వొద్దనీ అన్నాను.

కమిటీలో ఐదుగురు. వాళ్ల అభ్యంతరాలు న్యాయమైనవే. ఫ్యాన్ బేరింగు ఇప్పటికే అరుస్తోంది. అది విరిగితే విటమిన్ల గురించి మాట్లాడుకునేవాళ్లే ఉండరు. చెప్పులు జారితే మనుషులు చచ్చిపోరు. నాచు తప్ప వేరే తిండి లేదు, దాని మీద అనుమానం పుట్టిస్తే జనం తినడం మానేస్తారు. నాచు మానవద్దనే చెబుతున్నాను, కడుపు నింపేది అదే, సూది మాత్రం మళ్లీ మొదలుపెట్టాలి అన్నాను.

రాయలింగు నా పాత చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన వయసు అరవై మూడు. కోపంగా మాట్లాడే మనిషి కాదు.

"అందరికీ మంచిగున్నది, సూదులు అక్కర లేదు అని రాసిచ్చింది నువ్వే గదనే. ఇది నీ సంతకమేనా?"

"నాదే."

"మరి అప్పుడు తప్పు చెప్పినవా, ఇప్పుడు తప్పు చెప్తున్నవా?"

"అప్పుడు."

ఇరవై ఆరు నెలలు సంఖ్యను నమ్మి ఇప్పుడు చెప్పులను నమ్మమంటే ఎట్లా అని ఒకాయన అడిగాడు. నన్నూ నమ్మొద్దు, చెప్పులనూ నమ్మొద్దు, బయట పట్టా ఉంది, మీరే నిలబడండి అన్నాను.

రాయలింగు నవ్వాడు. ముప్పై ఏళ్ల నుంచి పట్టా మీద నిలబడే షిఫ్టుకు పోతున్నామన్నాడు. నిజమే, కానీ అక్కడ పక్కవాళ్లు కదిలితే అందరూ కదులుతారు. దెబ్బ తెలిసి కదిలారో, పక్క మనిషిని చూసి కదిలారో ఎవరూ అడగరు. నాకూ మొన్నటిదాకా తెలియదు.

ఐదుగురూ చెప్పులు విడిచి పట్టా మీద వరసగా నిలబడ్డారు. కళ్లకు గుడ్డలు కట్టాను. దెబ్బ తెలియగానే చెయ్యెత్తాలి, ఎత్తిన చెయ్యి దించొద్దు అని చెప్పాను. నాచు తినని నలుగురిని కూడా పిలిపించి వాళ్ల పక్కనే నిలబెట్టాను. ఆ నలుగురి సంఖ్యలు 210 నుంచి 260 మధ్య. మొత్తం బాయిలో అన్నిటికంటే తక్కువవి అవే. పని లేనివాళ్లు చూడటానికి చేరారు. బానక్క కూడా వచ్చింది, గోడకు ఆనుకుని దూరంగా నిలబడింది.

ఓదెలు మొదటి దెబ్బ కొట్టాడు. నాచు తినని నలుగురి చేతులూ లేచాయి. కమిటీలో ఒకామె చెయ్యి లేచింది. రెండో దెబ్బకు ఇంకొకాయన. తర్వాత ఎవరూ లేపలేదు. ఓదెలు ఆరోది కొట్టాడు. ఎనిమిదోది కొట్టాడు. చివరివి రెండూ గట్టిగా కొట్టాడు.

రాయలింగు చేతులు కట్టుకుని, ముఖం పైకెత్తి, ఓపిగ్గా నిలబడ్డాడు. కొంతసేపటికి అన్నాడు:

"కొట్టుమనరాదే, ఇంకెంతసేపు నిలబడాలె?"

ఆయనే గుడ్డ విప్పాడు. పక్కన లేచి ఉన్న చేతులు చూశాడు. దూరంగా సుత్తి కింద పెట్టి కూర్చున్న ఓదెలును చూశాడు. తర్వాత తన పాదాలను చూసుకున్నాడు. వేళ్లు కదిపాడు, అవి కదిలాయి.

"ఎన్ని కొట్టిండు?" అని నన్నే అడిగాడు.

"పది."

ఆయన చెప్పులు తొడుక్కున్నాడు. కుడికాలి చెప్పులోకి పాదం సరిగా దూరిందో లేదో వంగి చేత్తో తడిమి చూసుకున్నాడు. తర్వాత గోడ దగ్గరున్న బానక్క వైపు నడిచాడు.

"నిద్రపోయినవన్నం," అన్నాడు. "మాదే తప్పు."

బానక్క నాకేసి చూసింది. పన్నెండు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట, "ఆ గుడ్డ నాకు కట్టకు, పడిపోత."


రోజు 11,426

మూడేళ్లు దాటిన అందరినీ పట్టా మీద నిలబెట్టాను. మొత్తం 204 మంది, రెండు రోజులు పట్టింది. పది దెబ్బల్లో ఐదు కంటే తక్కువ తెలిసినవాళ్లు 37 మంది. బానక్కకు ఒక్కటీ తెలియలేదు. రాయలింగుకు రెండోసారి మూడు తెలిశాయి, తాను ఊహించి ఎత్తినవి కూడా ఉన్నాయని ఆయనే చెప్పాడు. ఆ నిజాయితీ ఈ పుస్తకంలో ఉండాలని రాస్తున్నాను.

240 బుడ్లలో 185 ఈ 37 మందికి, ఐదేసి చొప్పున. మిగిలిన 55 గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, ఎప్పటి నలుగురికి. నాకు ఆరు దెబ్బలు తెలిశాయి కాబట్టి నేను వరసలో లేను.

మొదటి సూది బానక్కకు వేశాను. తగ్గుతుందా అని అడిగింది. ఏడాది లోపు మొదలైన తిమ్మిరి చాలావరకు తగ్గుతుందని సార్ పుస్తకంలో ఉందనీ, అంతకంటే నాకు తెలియదనీ చెప్పాను. నీ సంఖ్యల కంటే ఈ తెలియదన్నదే నయమంది.


రోజు 11,440

పై బండ్లు వచ్చాయి. బుడ్లు లేవంటే బండ్లవాళ్లు బేరింగులు దించలేదు. రాయలింగు రాగి తీగ ఇస్తానన్నాడు, వాళ్లకు వద్దు. చివరికి నా గదిలోని పాత యంత్రం చూపించాను. వాళ్ల మెకానిక్ వెనక మూత విప్పి చాలాసేపు చూశాడు. లోపలి అద్దాలు, చిన్న మోటార్లు పనికొస్తాయన్నాడు. దానికి బదులు ఒక బేరింగు ఇచ్చారు. రెండోది ఇవ్వలేదు.

ఓదెలు ఉన్నవాటిలో బాగా అరిగినదాన్ని మార్చాడు. రెండోది ఇంకో ఏడాది లాగుతుందంటాడు. లాగాలి.

వచ్చేసారి రెండు మేకలు కావాలని చెప్పి పంపాం. బండ్లాయన నవ్వాడు, కానీ రాసుకున్నాడు. సూది మందు ఎక్కడ దొరికినా తెమ్మని కూడా చెప్పాం.

యంత్రం ఉన్నచోట నేల మీద నలుచదరంగా తెల్లటి మచ్చ మిగిలింది. ఆ ఖాళీలో ఒక పట్టా ముక్క పరిచాను, దానికొక సుత్తి. ఇకనుంచి నెత్తురు తీసేముందు అందరూ దాని మీద నిలబడాలి. నమోదు పుస్తకంలో బి-12 వరస పక్కన ఇంకో వరస గీశాను: పదికి ఎన్ని.


రోజు 11,468

మూడో లెవెల్. నలభై ఒక్కమంది. డి విటమిన్ ఏడుగురికి తక్కువ. ఇనుము నలుగురికి. బి-12 సంఖ్యలు ఎప్పటిలాగే ఉన్నాయి, రాశాను, ఎవరికీ చదివి వినిపించలేదు.

37 మందిలో 22 మందికి పట్టా మీద ముందుకంటే ఎక్కువ తెలుస్తోంది. తొమ్మిది మందికి మార్పు లేదు. ఆరుగురికి కాళ్లలో మంటలు మొదలయ్యాయి, నిద్ర పట్టడం లేదంటున్నారు. నరాలు తిరిగి పుంజుకునేటప్పుడు అలా ఉండవచ్చని సార్ రాశారు. కాకపోవచ్చు కూడా. చూడాలి. రాయలింగుకు ఐదు.

ఇరవై ఎనిమిది రోజులుగా అరలోకి వచ్చిన చెప్పులు మూడు.

బానక్క నిన్న పట్టా మీద రెండు దెబ్బలు గుర్తుపట్టింది. నిచ్చెనకు అది చాలదు. ఆమెకు ఆ సంగతి నేను చెప్పనక్కర్లేకపోయింది. ఓదెలు మోకాళ్లు ఇంకెన్నాళ్లు ఆగుతాయని మాత్రం అడిగింది.

ఈ రోజు పనంతా అయ్యాక మళ్లీ వచ్చింది. గుమ్మం దగ్గరే ఆగి, గోడ పట్టుకుని, కుడికాలి చెప్పు తీసి బోర్లించి దులిపింది. మళ్లీ తొడుక్కుంది. రెండడుగులు వేసి మళ్లీ తీసింది.

ఏమైందని అడిగాను.

"లోపల ఇసుక రవ్వ ఉన్నదే సూదక్కా. వంటశాల కాడినుంచి గుచ్చుతాంది, నడవనిస్తలేదు."

చెప్పు తీసుకుని దీపం కింద చూశాను. వేలితో తడిమితే మడమ దగ్గర తగిలింది. ఆవగింజలో సగం కూడా లేదు. గోటితో తీసి బల్ల మీద పెట్టాను. ఇద్దరం దాన్ని చూస్తూ కొంచెంసేపు కూర్చున్నాం.

కొత్త వరసలో ఆమె పేరు పక్కన నిన్నటి 2 అలాగే ఉంచి, దాని కింద రాశాను: కుడి మడమ, ఇసుక రవ్వ, చూడకుండానే తెలిసింది.